పెంకు అమీబాల వర్గీకరణ

పెంకు అమీబాలు లేదా కవచ అమీబాలు అనగా తమ దేహం చుట్టూ ఒక గట్టి పెంకును నిర్మించుకొని, ఆ పెంకుకు గల రంధ్రం గుండా మిథ్యాపాదాలను వెలుపలికి చాచి జీవించే ఏకకణ జీవులు. పాఠ్యపుస్తకాలలో కనిపించే సాధారణ అమీబాకు నిలకడైన ఆకారం లేదు. పెంకు అమీబాకు మాత్రం కుండ, గిన్నె, సీసా, గొడుగు వంటి ఏదో ఒక నిర్దిష్టమైన ఆకారం ఉంటుంది. చెరువుల అడుగు మట్టి, తడి నేల, నాచు, కుళ్ళిన ఆకులు వీటి నివాసాలు. వీటి పరిమాణం చాలావరకు 20 నుండి 200 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఇప్పటివరకు సుమారు 2000 జాతులు వర్ణించబడినవని అంచనా.

ఈ జీవులను దాదాపు 200 సంవత్సరాల పాటు కేవలం పెంకును చూసి వర్గీకరించారు. 1990ల తరువాత జన్యువుల ఆధారంగా పరిశీలించినపుడు, పెంకు చెప్పే వంశవృక్షం, జన్యువులు చెప్పే వంశవృక్షం అనేకచోట్ల ఏకీభవించలేదు. ఈ భేదం కేవలం పేర్లకు సంబంధించినది కాదు. చెరువు అడుగున పొరలు పొరలుగా నిలిచిన పెంకులను బట్టి ఆ నీటి గత చరిత్రను చెప్పే పద్ధతి ఒకటి ఉన్నది. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి వంటి పారిశ్రామిక ప్రాంతాల చెరువులకు ఆ పద్ధతి ఎంతవరకు వర్తిస్తుందనేది వర్గీకరణ ఎంత నమ్మదగినదన్న దానిపైనే ఆధారపడి ఉన్నది.

పెంకు నిర్మాణం

పెంకులు ప్రధానంగా మూడు రకాలు. మొదటి రకం పూర్తిగా సేంద్రియ పదార్థంతో చేసినది. అర్సెల్లా అనే ప్రజాతి దీనికి మంచి ఉదాహరణ. దీని పెంకు బోర్లించిన గిన్నెవలె ఉండి, అడుగున నడిమధ్య గుండ్రని రంధ్రం కలిగి ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టు గదుల వంటి చిన్న చిన్న అరలు వరుసలుగా కనిపిస్తాయి. కొత్త పెంకు లేత పసుపు రంగులో ఉండి, వయస్సు పెరిగేకొద్దీ గోధుమ రంగుకు మారుతుంది.

రెండవ రకం బయటి వస్తువులను ఏరి తెచ్చి అతికించి కట్టినది. డిఫ్లూజియా ఇసుక రేణువులను, డయాటముల పెంకులను సేకరించి సేంద్రియమైన జిగురుతో కూర్చుకొంటుంది. ఈ సేకరణ విభజనకు ముందే జరుగుతుంది. తల్లి కణం రేణువులను లోపలికి మింగి నిల్వ చేసి, పిల్ల కణానికి పెంకు కట్టే సమయంలో వాటిని అందిస్తుంది. విభజన సమయంలో రెండు పెంకులూ నోటికి నోరు ఆనించి ఉంటాయి. పాత పెంకు ఒకదానికి, కొత్తది మరొకదానికి దక్కుతుంది. మేస్త్రీ ఇల్లు మొదలుపెట్టకముందే ఇటుకలు చేర్చిపెట్టుకొన్నట్లు ఒకే కణం గల జీవి ప్రవర్తించడం గమనింపదగినది.

మూడవ రకంలో జీవి స్వయంగా తన కణంలోనే సిలికా పలకలను తయారు చేసుకొంటుంది. యూగ్లైఫా పెంకుపై ఈ పలకలు చేప పొలుసులవలె ఒకదానిపై ఒకటి క్రమంగా అమరి ఉంటాయి. క్వాడ్రులెల్లాలో పలకలు చతురస్రాకారంలో, లెస్కెరూసియా స్పైరాలిస్‌లో వంపు తిరిగిన కడ్డీల రూపంలో ఉంటాయి. ఈ మూడూ సిలికాను తామే తయారు చేసుకొన్నప్పటికీ, యూగ్లైఫా మిగిలిన రెండింటికి ఏ మాత్రం దగ్గరి బంధువు కాదు. ఈ సంగతి క్రింద వివరించబడినది.

పెంకు పదార్థంతో పాటు వర్గీకరణకు వాడే ఇతర లక్షణాలు: నోటి రంధ్రం మధ్యలో ఉన్నదా ఒక ప్రక్కకు ఉన్నదా, దాని అంచు నునుపుగా ఉన్నదా దంతాలు కలిగి ఉన్నదా, పెంకుపై ముళ్ళు ఉన్నవా, మెడ ఉన్నదా అనేవి. జీవించి ఉన్న నమూనాలో మిథ్యాపాదాల ఆకారం కూడా చూస్తారు. కొన్నింటిలో అవి మొద్దుగా వేళ్ళవలె, మరికొన్నింటిలో సన్నగా దారాలవలె ఉంటాయి.

వర్గీకరణ చరిత్ర

డిఫ్లూజియా ప్రజాతిని 1815లో ఫ్రాన్సుకు చెందిన లెక్లేర్ వర్ణించాడు. జర్మనీ శాస్త్రవేత్త ఎహ్రెన్‌బర్గ్ 1830లలో అర్సెల్లాతో సహా అనేక రూపాలకు పేర్లు పెట్టాడు. అమెరికాలో జోసెఫ్ లైడీ 1879లో ఉత్తర అమెరికా మంచినీటి రైజోపోడులపై బృహద్గ్రంథం ప్రచురించాడు. స్విట్జర్లాండుకు చెందిన యూజీన్ పెనార్ 1902లో జెనీవా సరస్సు పరీవాహక ప్రాంతపు రైజోపోడులను వర్ణించాడు. పెనార్ ఏకరువు పెట్టిన జాతులెన్నో నేటికీ నిలిచి ఉన్నాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ డెఫ్లాండ్ర్ 1928లో అర్సెల్లాపై, 1929లో సెంట్రోపిక్సిస్‌పై ప్రత్యేక గ్రంథాలు వెలువరించాడు.

ఈ చరిత్రలో భారతదేశానికి తొలినాళ్ళ నుండే స్థానం కలదు. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో వైద్యునిగా పనిచేసిన హెన్రీ జాన్ కార్టర్ 1856లో బొంబాయి దీవి మంచినీటి సూక్ష్మజీవులపై వ్యాసం ప్రచురించాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిన తరువాత 1864లో రెండు దేశాల రైజోపోడులను కలిపి చర్చించాడు. అదే సంవత్సరం కలకత్తాలో జన్మించిన జార్జ్ చార్లెస్ వాలిచ్, డిఫ్లూజియాలలో కనిపించే రూపభేదాలకు కారణాలేమిటనే ప్రశ్నను లేవనెత్తాడు. పరిసరాలలో దొరికే పదార్థాన్ని బట్టి పెంకు మారుతుందని, ప్రతి భేదానికీ ఒక కొత్త జాతిని కల్పించడం తగదని అతని వాదన సారాంశం. ఆ వాదన నేటికీ పూర్తిగా తీరలేదు. పెనార్ 1907లో సిక్కిం హిమాలయాల నుండి వచ్చిన నమూనాలపై కూడా ఒక వ్యాసం వ్రాశాడు.

బెల్జియం శాస్త్రవేత్త డి సెడెలీర్ 1934లో మిథ్యాపాదాలను ఆధారం చేసుకొని పెంకు అమీబాలను రెండు పెద్ద సమూహాలుగా విడదీశాడు. వేళ్ళ వంటి మిథ్యాపాదాలు గలవి ఒక వర్గం, దారాల వంటివి గలవి మరొక వర్గం. అణుజీవశాస్త్రం రాక పూర్వమే చేసిన ఈ విభజన స్థూలంగా సరియైనదని తరువాత తేలింది. పెంకుకన్నా మిథ్యాపాదమే వంశాన్ని నిజాయితీగా చెప్పిందన్నమాట.

జాతి ఏది, రూపభేదం ఏది

పెంకును చూసి జాతిని నిర్ణయించడంలో గల చిక్కును మొదట ప్రయోగపూర్వకంగా చూపినవాడు అమెరికా జీవశాస్త్రవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ జెన్నింగ్స్. డిఫ్లూజియా కరోనా అనే జాతిని ప్రయోగశాలలో పెంచి, ఒకే అమీబా నుండి విభజన ద్వారా పుట్టిన సంతతిని తరతరాలుగా పరిశీలించి, 1916లో ఫలితాలను ప్రచురించాడు. ముళ్ళ సంఖ్య, ముళ్ళ పొడవు, పెంకు వ్యాసం, నోటి చుట్టూ గల దంతాల సంఖ్య అతడు కొలిచిన లక్షణాలు. ఒకే తల్లి సంతతిలో కూడా ఈ లక్షణాలు ఒకే విధంగా ఉండవని, ఎంపిక చేస్తూ పోతే ఆ సంతతి నుండే వంశపారంపర్యంగా భిన్నమైన శాఖలను రాబట్టవచ్చునని అతడు చూపాడు. ముళ్ళ సంఖ్యను బట్టి కొత్త జాతి పేరు పెట్టేవారికి ఇది హెచ్చరిక వంటిది. అయినప్పటికీ 20వ శతాబ్దమంతా అటువంటి పేర్లు పెరుగుతూనే వచ్చాయి.

కెనడాకు చెందిన మెడియోలి, స్కాట్ అనే భూశాస్త్రవేత్తలు దీనికి విరుద్ధమైన మార్గం పట్టారు. 1983లో తూర్పు కెనడా సరస్సుల పెంకు అమీబాలపై వెలువరించిన గ్రంథంలో వారు అనేక పాత పేర్లను కలిపివేసి, కొద్ది జాతులను మాత్రమే మిగిల్చారు. ఒకే సంతతిలో పెంకు ఎంతగా మారుతుందో చూపే మరొక పరిశీలనను వారు 1987లో ప్రచురించారు. ఆ తరువాత సరస్సుల మట్టిని పరిశీలించే భూశాస్త్రవేత్తలు ఒక మధ్యేమార్గం కనుగొన్నారు. జాతి పేరు ఒకటే ఉంచి, దాని క్రింద రూపభేదాలకు "స్ట్రెయిన్" అని అనధికారికమైన పేర్లు ఇచ్చారు. జంతునామకరణ నియమావళి ఇటువంటి పేర్లను గుర్తించదు. అయితే నీటి నాణ్యతను చదవడానికి అవి బాగా పనికివచ్చాయి. ఒక స్ట్రెయిన్ పరిశుభ్రమైన నీటిలో, మరొకటి కలుషితమైన నీటిలో అధికంగా కనిపించడమే దానికి కారణం.

ఇక్కడే అసలు ప్రశ్న మిగిలిపోయింది. ఆ రెండు స్ట్రెయినులూ ఒకే జాతి తన పరిసరాలకు తగినట్లు ధరించిన రెండు వేషాలా, లేక పెంకులో పోలిక గల రెండు వేరు జాతులా? మొదటిది నిజమైతే పెంకు ఆ నీటికి నేరుగా సాక్ష్యం. రెండవది నిజమైతే, ఒక జాతి పోయి మరొకటి వచ్చిందని అర్థం. దానికి కాలుష్యం కాక వేరే కారణాలు కూడా ఉండవచ్చును. సూక్ష్మదర్శిని ఎంత శక్తివంతమైనదైనా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు.

జన్యువుల సాక్ష్యం

పెంకు అమీబాలలో అధికభాగాన్ని ప్రయోగశాలలో పెంచడం కష్టం. అందువలన వాటి జన్యువులను సేకరించడానికి ఒక్కొక్క కణాన్నే వాడవలసి వస్తుంది. సన్నని గాజు గొట్టంతో ఒక అమీబాను ఎత్తి, శుభ్రమైన నీటిలో పలుమార్లు కడిగి, ముందుగా దాని పెంకును ఫోటో తీస్తారు. తరువాత గ్వానిడిన్ థయోసయనేట్ కలిగిన ద్రావణంలో కణాన్ని కరగించి, డి.ఎన్.ఎ.ను వేరు చేసి, పి.సి.ఆర్. పద్ధతిలో కావలసిన జన్యువును అనేక ప్రతులుగా పెంచుతారు. ఈ క్రమంలో నమూనా తరచుగా నశిస్తుంది కనుక ఆ ఫోటోయే దాని గుర్తింపుకు మిగిలే ఆధారం. ఖాళీ పెంకులో ఈ పనికి చాలినంత డి.ఎన్.ఎ. సాధారణంగా ఉండదు. కావున జీవించి ఉన్న కణాలనే వెదకి పట్టవలసి ఉంటుంది. చెరువు మట్టిలో బతికి ఉన్నవాటి కన్నా ఖాళీ పెంకులే ఎక్కువ అన్నది ఈ పని చేసేవారందరికీ తెలిసిన సంగతి.

ప్రధానంగా వాడే జన్యువులు రెండు. రైబోసోమ్‌లోని చిన్న ఉపప్రమాణానికి చెందిన ఆర్.ఎన్.ఎ. జన్యువు నెమ్మదిగా మారుతుంది. కనుక క్రమాలు, కుటుంబాల వంటి దూరపు బంధుత్వాలకు అది తగినది. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మొదటి ఉపప్రమాణపు జన్యువు వేగంగా మారుతుంది. జంతువులలో జాతులను గుర్తించే బార్‌కోడుగా వాడేది కూడా ఇదే. దగ్గరి జాతుల మధ్య భేదాన్ని ఇది చూపుతుంది.

1995లో వెలువడిన ఒక పరిశోధన యూగ్లైఫా సమూహం ఇతర అమీబాలతో కాక క్లోరరాక్నియోఫైట్లు అనే శైవలాల వంటి జీవులతో బంధుత్వం కలిగి ఉన్నదని చూపింది. 2002లో మరిన్ని జాతులతో జరిగిన పరిశోధన దీనిని బలపరచింది. ఈ సమూహం నేడు రైజేరియా అనే మహాసమూహంలో చేర్చబడినది. సముద్రాలలోని ఫొరామినిఫెరాలు కూడా ఈ రైజేరియాకు చెందినవే. 2005లో అర్సెల్లా, డిఫ్లూజియాల క్రమమైన అర్సెల్లినిడా, సాధారణ అమీబాలు గల అమీబోజోవాలోనే ఉన్నదని రైబోసోమ్ జన్యువుల ద్వారా నిర్ధారణ అయింది. 2013లో మూడవ ఆశ్చర్యం ఎదురైంది. రెండు కొనలలోనూ రంధ్రాలు గల ఆంఫిట్రెమా, ఆర్చెరెల్లా అనే పెంకు అమీబాలు ఈ రెండు సమూహాలకూ చెందక, గోధుమ శైవలాలు, డయాటములు గల స్ట్రామినోపైల్ సమూహంలోని లాబిరింతులోమైసీట్ల శాఖలో తేలాయి.

దీనిని బట్టి పెంకు అమీబాలు అనేది ఒక వంశం పేరు కాదు, ఒక జీవనవిధానం పేరు అని చెప్పవచ్చును. గబ్బిలానికి, పక్షికి, తూనీగకు రెక్కలు వేరువేరుగా వచ్చినట్లే, ఈ మూడు వంశాలలోనూ పెంకు వేరువేరుగా ఏర్పడినది.

డిఫ్లూజియా విచ్ఛిన్నం

అన్నింటికన్నా ఎక్కువ కలవరం కలిగించినది డిఫ్లూజియా. అర్సెల్లినిడాలో అత్యధిక జాతులు గల ప్రజాతి ఇదే. 2012లో ప్రచురితమైన రైబోసోమ్ జన్యు పరిశోధనలో ఇది ఒకే వంశం కాదని తేలింది. పొడవైన బేరిపండు ఆకారం గలవి ఒక శాఖలోను, గుండ్రని పెంకు గలవి మరొక శాఖలోను చేరాయి. గుండ్రని డిఫ్లూజియాలకు, ఇసుక రేణువు ఒక్కటి కూడా లేని అర్సెల్లాకు మధ్య గల బంధుత్వం, వాటికీ పొడవైన డిఫ్లూజియాలకూ మధ్య గలదాని కన్నా దగ్గరిది. జెన్నింగ్స్ పరిశీలించిన డిఫ్లూజియా కరోనా నేడు నెట్జీలియా కరోనా అని పిలువబడుతున్నది.

ఇసుకతో పెంకు కట్టడం అనే లక్షణం, రెండు శతాబ్దాల పాటు ఈ ప్రజాతికి గుర్తుగా నిలిచినది, వంశానికి గుర్తు కాలేకపోయింది. పెంకు దేనితో కట్టబడినది అన్నదానికన్నా, దాని మొత్తం ఆకారం, నోటి స్థానం వంశానికి మరింత దగ్గరగా ఉన్నవి. 2022లో వచ్చిన మరొక పరిశోధన డిఫ్లూజియాను ఇంకా విడదీసి, స్థూపాకారపు పెంకు గల కొన్ని జాతులకు సిలిండ్రిఫ్లూజియా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచింది.

దాగి ఉన్న జాతులు

జన్యువులు కొన్నిచోట్ల పెద్ద ప్రజాతిని ముక్కలు చేయగా, మరికొన్నిచోట్ల ఒకే జాతి అనుకొన్నదానిలో అనేక జాతులను చూపాయి. నాచు మడుగులలో నివసించే నెబెలా కొల్లారిస్‌ను 2012లో సైటోక్రోమ్ జన్యువుతో పరిశీలించినపుడు అది పలు జాతుల సముదాయమని తెలిసింది. 2015 నాటికి ఈ సముదాయంలో ఎనిమిది జాతులు గుర్తించబడ్డాయి. వాటిలో స్విట్జర్లాండుకు చెందిన పొట్టి, లావు పెంకు గల ఒకదానికి నెబెలా గిమ్లై అని పేరు పెట్టారు. ఇది టోల్కీన్ నవలలోని గిమ్లీ అనే మరుగుజ్జు వీరుని పేరు. హయాలోస్ఫీనియా పాపిలియో అనే అందమైన జాతిలో 2013లో 12 భిన్నమైన జన్యుశాఖలు బయటపడినవి. కంటికి అది ఒకటే జాతి. పైగా తేలికగా గుర్తుపట్టదగినదిగా ప్రసిద్ధి చెందినది.

ఈ పరిశోధనలలో అధికభాగం ఐరోపా, ఉత్తర అమెరికాలలోని స్ఫాగ్నం నాచు మడుగులలో జరిగినవని గుర్తుంచుకోవలసి ఉన్నది. దక్కను పీఠభూమిలో అటువంటి మడుగులు లేవు. ఇక్కడి చెరువుల అడుగు మట్టిలో దొరకదగినవి నెబెలాలు కావు, డిఫ్లూజియా, సెంట్రోపిక్సిస్, అర్సెల్లాల వంటివి. కనుక నాచు మడుగుల నుండి వచ్చిన సంఖ్యలను యథాతథంగా తెలంగాణ చెరువులకు ఆపాదించరాదు.

నేటి వర్గీకరణ

2019లో ఒక్కొక్క కణం నుండి వందలాది జన్యువులను ఒకేసారి సేకరించి చేసిన పరిశోధన అర్సెల్లినిడా క్రమాన్ని మూడు ఉపక్రమాలుగా విభజించింది. అవి ఫ్రిగనెల్లినా, ఆర్గనోకోంకా, గ్లూటినోకోంకా. వీటిలో గ్లూటినోకోంకా అతి పెద్దది. నోరు ఒక ప్రక్కకు ఉన్న సెంట్రోపిక్సిస్ మొదలైనవి ఎక్సెంట్రోస్టోమా శాఖలోను, గుండ్రని నెట్జీలియాలు, అర్సెల్లాలు స్ఫెరోతెసినా శాఖలోను, పొడవైన డిఫ్లూజియాలు లాంజితెసినా శాఖలోను, నెబెలా, హయాలోస్ఫీనియా, క్వాడ్రులెల్లాలు హయాలోస్ఫెనిఫార్మెస్ శాఖలోను చేరాయి. హీలియోపెరాలకు వోల్నుస్టోమా అనే శాఖ కలదు. 2022లో సిలిండ్రోతెసినా అనే మరొక శాఖ వీటికి తోడైనది.

ఈ పేర్లలో అనేకం పెంకు లక్షణాల నుండే పుట్టినవి కావడం విశేషం. అనగా జన్యువులు పెంకును తోసిపుచ్చలేదు, పెంకులో ఏ లక్షణాన్ని నమ్మాలో చెప్పాయి. యూగ్లైఫిడా క్రమం విషయంలో పెంకు పలకల ఆకారం, అమరిక జన్యువులతో మరింత బాగా సరిపోలినవి. బయటి నుండి ఏరుకొన్న ఇసుక ఆ చోటి మట్టిని బట్టి మారుతుంది. స్వయంగా చేసుకొన్న పలక మాత్రం జీవి సొంత వారసత్వం. ఈ క్రమానికే చెందిన పాలినెల్లా క్రొమటోఫోరా అనే జీవి సుమారు 10 కోట్ల సంవత్సరాల క్రితం ఒక నీలి ఆకుపచ్చ శైవలాన్ని తనలో ఇముడ్చుకొని కిరణజన్య సంయోగక్రియ జరిపే శక్తిని పొందినది. మొక్కల హరితరేణువుల పుట్టుకతో సంబంధం లేకుండా జరిగిన సంఘటన కావడం చేత ఇది జీవశాస్త్రంలో విస్తారంగా చర్చించబడుతున్నది.

శిలాజాలు, గోదావరి లోయ

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో చువార్ శిలలలో సుమారు 75 కోట్ల సంవత్సరాల నాటి కుండ ఆకారపు సూక్ష్మశిలాజాలు దొరికాయి. వీటిలో అనేకం పెంకు అమీబాలవేనని 2000, 2003 సంవత్సరాలలో ప్రచురితమైన పరిశోధనలు వాదించాయి. 2019 నాటి జన్యు వంశవృక్షం పూర్వీకుల పెంకు ఆకారాలను లెక్కగట్టి, అవి ఈ శిలాజాలతో పోలుతున్నాయని చూపింది.

తెలుగు ప్రాంతంలో వీటికి సంబంధించిన ముఖ్యమైన శిలాజ సాక్ష్యం గోదావరి లోయలో ఉన్నది. లక్నోలోని బీర్బల్ సహాని సంస్థకు చెందిన పరిశోధకులు గోదావరి లోయ చింతలపూడి ఉపబేసిన్‌లోని గోండ్వానా శిలల నుండి పెర్మియన్ యుగాంతానికి చెందిన పెంకు అమీబాలను 2014లో ప్రకటించారు. ఆ యుగం ముగిసి సుమారు 25 కోట్ల సంవత్సరాలు అయినది. ఈ పెంకులు నేటి ప్రజాతులను ఎంతగానో పోలి ఉన్నాయి. సింగరేణి బొగ్గును ఇచ్చిన గోండ్వానా చిత్తడి నేలల కాలానికి చెందిన జీవులివి.

ఇంతకాలం మార్పు లేకుండా నిలిచాయని చెప్పడం సులభం. అయితే డిఫ్లూజియా అనుభవం తరువాత ఆ మాటను కొంత ఆచితూచి చెప్పవలసి ఉన్నది. ఒకే ఆకారం వేరువేరు వంశాలలో మరల మరల పుట్టినపుడు, పెర్మియన్ నాటి కుండ, నేటి కుండ ఒకే వంశానివని ఆకారం ఒక్కటే నిరూపించలేదు. శిలాజంలో డి.ఎన్.ఎ. మిగలదు. కావున నోటి స్థానం వంటి నమ్మదగిన లక్షణాలే అక్కడ ఆధారం.

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో ప్రాముఖ్యత

హైదరాబాదుకు వాయవ్యంగా గల పటాన్‌చెరులో 1970లలో పారిశ్రామికవాడ ఏర్పడినది. తరువాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, జిన్నారం, బొంతపల్లి పరిసరాలకు పరిశ్రమలు విస్తరించాయి. వీటిలో మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారాలు ఎక్కువ. 2016 వరకు మెదక్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఇక్కడి ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీర నదిలో కలుస్తాయి. మంజీర గోదావరికి ఉపనది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు, బొల్లారం చేరాయి.

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిని పరిశీలించి, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించారు. కొన్ని బాక్టీరియాలకు హాని చేయగల మోతాదుకు ఇది 1000 రెట్లకు మించినది. సుమారు 90 కర్మాగారాల వ్యర్థజలం అక్కడికి చేరేది. 2009లో ఈ ప్రాంతపు చెరువులలోను, గ్రామాల బావులలోను మందుల అవశేషాలు వెల్లడయ్యాయి. ఒక చెరువులో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు ఉన్నది.

ఇక్కడి మట్టిలోని జన్యువులను నేరుగా చదివిన పరిశోధనలు కూడా జరిగినవి. 2011లో పటాన్‌చెరు వద్ద వాగు అడుగు మట్టి నుండి డి.ఎన్.ఎ. తీసి, అందులో యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు అధికంగా ఉన్నాయని చూపారు. 2014లో కాజీపల్లి చెరువు మట్టిని స్వీడన్‌లోని ఒక సరస్సుతో పోల్చి, నిరోధక జన్యువులు సుమారు 7000 రెట్లు అధికమని ప్రకటించారు. ఈ పరిశోధనల దృష్టి బాక్టీరియాపైన. అమీబాలు ఆ బాక్టీరియాను తిని బ్రతికే జీవులు.

జన్యువులు ఆ రోజు నీటిలో, మట్టిలో ఉన్నదానిని చెబుతాయి. కర్మాగారాలు రాకపూర్వం ఆ చెరువు ఎలా ఉండేదో చెప్పడానికి, వెచ్చని, లోతు తక్కువైన చెరువులలో డి.ఎన్.ఎ. ఎక్కువ కాలం చెడకుండా నిలవదు. పెంకులు నిలుస్తాయి. ముఖ్యంగా ఇసుకతో కట్టిన డిఫ్లూజియా, సెంట్రోపిక్సిస్ పెంకులు మట్టి పొరలలో చక్కగా భద్రపడతాయి. యూగ్లైఫా పెంకులు మాత్రం పలకలు విడిపోయి చెదరిపోతాయి. కావున అడుగు మట్టిని నిలువుగా గొట్టంతో తీసి, పొరల కాలాన్ని నిర్ణయించి, ఒక్కొక్క పొరలోని పెంకులను లెక్కించడం ద్వారా చెరువు గతాన్ని తెలుసుకొనే వీలున్నది.

ఈ పద్ధతి కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, కోబాల్ట్ పట్టణం వద్ద వెండి గనుల వ్యర్థాలతో కలుషితమైన సరస్సులలో 1990లలో పరీక్షించబడింది. ఆర్సెనిక్, పాదరసం అధికంగా ఉన్నచోట సెంట్రోపిక్సిస్ అక్యులియేటా వంటి రూపాలు, ఆమ్లత్వం అధికమైన చోట అర్సెల్లా వల్గారిస్ అధికమై, డిఫ్లూజియాల వైవిధ్యం తగ్గినట్లు కనుగొన్నారు.

అక్కడి సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా వాడరాదు. దానికి కారణాలు మూడు కలవు. మొదటిది, అక్కడి కాలుష్యం లోహాలది. ఇక్కడ లోహాలతో పాటు ద్రావణాలు, లవణాలు, మందులు కలిసి ఉన్నవి. సిప్రోఫ్లోక్సాసిన్ ప్రధానంగా బాక్టీరియాలోని గైరేజ్ అనే ఎంజైమును అడ్డుకొంటుంది. అది అమీబాను నేరుగా చంపక, దాని ఆహారాన్ని మార్చగలదు. రెండవది, సెంట్రోపిక్సిస్ కొంత ఉప్పదనాన్ని కూడా ఓర్చుకొంటుంది. వేసవిలో నీరు ఇంకి లవణాలు చిక్కబడే దక్కను చెరువులో అది అధికంగా కనిపిస్తే, కారణం కర్మాగారమా ఎండాకాలమా అని ముందుగా తేల్చుకోవాలి. మూడవది వర్గీకరణకు సంబంధించినది. కెనడాలో సెంట్రోపిక్సిస్ అక్యులియేటా అని పిలిచినది, తెలంగాణ చెరువులో అదే పెంకుతో దొరికేది ఒకే జాతి అవునో కాదో పెంకు ఒక్కటే చెప్పలేదు. నెబెలా కొల్లారిస్, హయాలోస్ఫీనియా పాపిలియోల ఉదాహరణలు ఈ విషయంలో తగిన హెచ్చరికలు.

కనుక పనికి ఒక వరుస ఏర్పడుతున్నది. మొదట నేడు బ్రతికి ఉన్న అమీబాలను ఇక్కడి శుభ్రమైన, కలుషితమైన చెరువుల నుండి ఒక్కొక్కటిగా పట్టి, పెంకు ఫోటోతో పాటు జన్యువును నమోదు చేయాలి. ఏ పెంకు ఏ జన్యుశాఖదో, ఏ శాఖ ఏ నీటిని ఓర్చుకొంటుందో తెలిసిన తరువాతనే లోపలి పొరలలోని ఖాళీ పెంకులకు అర్థం చెప్పడం సాధ్యమవుతుంది. పోల్చడానికి మంజీర ఎగువన సింగూరు జలాశయం, సంగారెడ్డి సమీపంలోని మంజీర అభయారణ్యపు నీరు అందుబాటులో ఉన్నవి. నేలలో నివసించే జాతులకైతే 1972లో పటాన్‌చెరులో స్థాపించబడిన ఇక్రిశాట్ క్షేత్రం మంచి ఉదాహరణ. ఎర్ర నేల, నల్లరేగడి నేల రెండూ ఆ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఇసుకతో పెంకు కట్టే అమీబాకు ఎర్ర నేలలోని ముతక ఇసుక దొరకడం, నల్లరేగడిలోని మెత్తని బంకమట్టి మాత్రమే దొరకడం ఒకటి కాదు. వాలిచ్ 1864లో అడిగిన ప్రశ్నను పరీక్షించడానికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు.

కాలం విషయంలో మరొక ఇబ్బంది కలదు. చెరువుల పూడిక మట్టిని ఎత్తి పొలాలకు తోలుకోవడం ఈ ప్రాంత రైతుల పాత అలవాటు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకం ద్వారా తెలంగాణలో వేలాది చెరువులలో పూడిక తీయబడినది. సాగునీటికి, పొలాలకు ఇది మేలు చేసే పనియే. అయితే పూడిక తీసిన చెరువులో పై పొరలు, అనగా పరిశ్రమలు వచ్చిన దశాబ్దాలకు చెందిన పొరలే ముందుగా పోతాయి. కాలుష్యం వలన మట్టి ఎత్తడానికి ఎవరూ ముందుకు రాని చెరువులలోనూ, కట్ట సమీపంలో గడ్డపార పడని లోతైన భాగాలలోనూ మాత్రమే ఆ పొరలు వరుస చెడకుండా మిగిలి ఉండే అవకాశం ఉన్నది.